ముసలి ఎలుగు, పుట్టమన్ను

జూలో ఉద్యోగానికి చేరేనాటికి జంతువుల గురించి నాకు తెలిసింది ఒక్కటే, వాటిని బిస్కెట్ ఫ్యాక్టరీలోకి రానివ్వకూడదని. కాటేదాన్‌లో ఒక ఫ్యాక్టరీలో పదహారేళ్లు శుభ్రత చూసుకునే సూపర్‌వైజర్‌గా పనిచేశాను. చీమల బారు కనిపించినా చాలు, నా కోపం ముక్కు మీదికి వచ్చేది. ఆ ఫ్యాక్టరీ ఎక్కడికో తరలిపోయాక, శంషాబాద్ దగ్గర ఒక ట్రస్టు వాళ్ల చిన్న జూకి మేనేజరు కావాలంటే మైలార్‌దేవ్‌పల్లి నుంచి బస్సెక్కి వెళ్లాను. వాళ్లు అడిగినవి మూడే ప్రశ్నలు. రిజిస్టర్లు రాయగలరా, మనుషులతో పని చేయించగలరా, ఆదివారం వస్తారా. ఆదివారం చర్చి అయ్యాకే వస్తానన్నాను. సరేనన్నారు. జంతువుల సంగతి ఎవరూ అడగలేదు, నేనూ చెప్పలేదు.

ఆ జూకి ఉన్న జబ్బు ఒక్కటి కాదు. రెండేళ్లలో నేను మూడో మేనేజర్ని. నీళ్లకి ట్యాంకరు రావాలి, మందులకి ఎవరికైనా దయ రావాలి. బోర్డుల మీద రంగు వెలిసిపోయి జింక ఏదో దుప్పి ఏదో తెలిసేది కాదు. వచ్చినవాళ్లకీ ఆ పట్టింపు లేదు. ఎయిర్‌పోర్టు పక్కనే కాబట్టి విమానాలు చక్రాలు చాచుకుని తల మీదుగా దిగేవి. మొసలిని చూడరా అంటే పిల్లలు ఆకాశం చూసేవాళ్లు. ఆరాంఘర్ నుంచి, బాలాపూర్ నుంచి ఆటోల్లో వచ్చే కుటుంబాలు చాపలు పరుచుకుని పులిహోర తిని, ఒక్కదాన్ని మాత్రం తప్పకుండా చూసి వెళ్లేవి. అది మా ముసలి ఎలుగు.

దాని ముక్కు మీద చిటికెన వేలు పట్టేంత బొక్క ఉండేది. చిన్నప్పుడు ముక్కుకి తాడు గుచ్చి, బస్టాండ్ల దగ్గర ఆడించేవాళ్లట. అటవీ శాఖవాళ్లు విడిపించి మా జూకి ఇచ్చారు. అది వచ్చిన నెలలోనే దాని కీపరు కూడా పనిలో చేరాడు. ఇద్దరికీ ఇక్కడ పన్నెండేళ్ల సర్వీసు. కీపరు నాకంటే నాలుగైదేళ్లు పెద్దవాడు. దగ్గరి ఊరివాడే, గొర్రెలు కాసిన మనిషి. నేను ఆయన్ని అన్నా అనేదాన్ని. ఆయన పదిమందిలో నన్ను మేడం అనీ, తక్కిన వేళల్లో అక్కా అనీ పిలిచేవాడు. ఎలుగుని మాత్రం ఎప్పుడూ బిడ్డా అనే పిలిచేవాడు.

వాళ్లావిడ మధ్యాహ్నం సద్ది తెచ్చేది. గేటు దగ్గరే గట్టిగా అడిగేది.

"నా సవతి తిన్నదా?"

"నీకంటే ముందుగాల తిన్నది. నువ్వు పరేషాన్ గాకు" అని ఈయన జవాబు.

రోజూ అదే ప్రశ్న, అదే జవాబు. రోజూ ఇద్దరూ కొత్తగా విన్నట్టే నవ్వుకునేవాళ్లు. వాళ్లకి పిల్లలు లేరు. ఆ మాట వాళ్లు నాతో ఎప్పుడూ అనలేదు, నేనే కొన్నాళ్లకి గ్రహించాను.

సాయంత్రం నాలుగింటికి ఆయన బెల్లం రొట్టె పట్టుకుని కటకటాల దగ్గర నిలబడి "బిడ్డా" అని ఒక్క పిలుపు పిలిచేవాడు. ఎలుగు ఎక్కడున్నా లేచి వచ్చేది. వచ్చి ఆయన ఎదురుగా నిలబడి తల అటూ ఇటూ ఊపుతూ, ముందు కాళ్లు మార్చి మార్చి వేస్తూ ఆడేది. జనం చప్పట్లు కొట్టేవాళ్లు. ఆయన జనం వైపు తిరిగి, పెళ్లిలో ఆడపిల్ల తండ్రిలా చిన్నగా నవ్వేవాడు.

"నన్ను జూస్తే ఆగదు అక్కా. పన్నెండేండ్ల దోస్తానా మాది" అనేవాడు.

నేనూ నమ్మాను. నిజం చెప్పాలంటే కుళ్లుకున్నాను కూడా. సాయంత్రం నేను ఇంటికి వెళ్తే ఫోన్లలోంచి తలెత్తి చూసేవాళ్లు లేరు. ఈయన్ని చూస్తే ఒక ఎలుగు లేచి ఆడుతోంది.

జూ గుర్తింపు కొనసాగించాలా వద్దా అని చూడటానికి ఆఫీసర్లు వస్తారని ఉత్తరం వచ్చింది. తనిఖీ అంటే నాకు భయం లేదు. ఫ్యాక్టరీలో ఎన్ని తనిఖీలు నెగ్గుకొచ్చాను. ఎలుగు ఎన్‌క్లోజర్‌లో మట్టి చూస్తే నాకు ఒళ్లు జలదరించేది. మొత్తం తోడించి నున్నటి సిమెంటు చేయించాను. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి ఫినాయిలు పోసి కడిగించాను. నేల మీద అన్నం వడ్డించుకుని తినొచ్చు, అలా మెరిసేది. అది చాలదన్నట్టు పెయింటరుని పిలిపించి ఎర్ర అక్షరాలతో ఒక బోర్డు రాయించాను: ఎలుగు నాట్యం, సాయంత్రం 4 గంటలకు. ఆ బోర్డు గుర్తొస్తే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

తనిఖీకి ఇద్దరు వచ్చారు. ఒక పెద్దాఫీసరు, ఒక పశువుల డాక్టరమ్మ. ఆఫీసరు ఎక్కువ మాట్లాడలేదు, రాసుకున్నాడు. డాక్టరమ్మది కోస్తా వైపు మాట, నెమ్మదిగా, మర్యాదగా ఉండేది. ఆ మర్యాదలోనే మనిషి నిలువునా సిగ్గుపడేలా మాట్లాడగలదు. ఎలుగు దగ్గరికి రాగానే ముక్కుకి చున్నీ అడ్డం పెట్టుకుంది.

"ఈ ఫినాయిలు ఎవరు పోయమన్నారండీ?"

నేనేనండీ అన్నాను, బహుమతి అందుకోబోతున్న పిల్లలాగా.

"ఎలుగు ముక్కుతోనే బతుకుతుందండీ. తిండి, తోడు, ప్రమాదం, అన్నీ వాసనలోనే దానికి తెలియాలి. మట్టి తవ్వాలి, గోళ్లతో పెకిలించాలి, చీమనో చెదపురుగునో పట్టి తినాలి. మీరు తవ్వడానికి నేల లేకుండా చేశారు, పీల్చడానికి గాలి లేకుండా చేశారు."

పదహారేళ్ల నా శుభ్రత అంతా ఆ మాటతో నేల మీద పడింది. నాకు చిర్రెత్తుకొచ్చింది.

పరిస్థితి చక్కబెడదామని కీపరు ముందుకొచ్చాడు. నాలుగు ఇంకా కాలేదు, అయినా బెల్లం రొట్టె తీసి పిలిచాడు. ఎలుగు వచ్చింది. తల ఊపింది, కాళ్లు మార్చింది. ఆయన డాక్టరమ్మ ముఖంలోకి చూశాడు. ఆవిడ గడియారం చూసుకుంటోంది.

"ఇలా ఎంతసేపు ఊగుతుందండీ?"

"ఊగుడు గాదు డాక్టరమ్మా. ఆట. నన్ను జూసి సంబురపడ్తది."

"మీరు లేనప్పుడు?"

"నేను లేనప్పుడు నాకెట్ల తెలుస్తది?" అని ఆయన నవ్వాడు.

ఆవిడ నవ్వలేదు. "ఒకరోజు తెలుసుకోండి. గాలి మీ వైపు వీచేలా చూసుకుని, దానికి కనపడకుండా కూర్చుని చూడండి" అంది.

వెళ్లేముందు ఆఫీసరు చెప్పింది స్పష్టంగానే ఉంది. మూడు నెలల్లో ఎలుగుకి మట్టి నేల, తవ్వుకునే చోటు, దాక్కునే చోటు ఏర్పాటు చేయాలి. నాట్యం బోర్డు ఇప్పుడే, ఈ నిమిషమే తీసేయాలి. చేత్తో తిండి పెట్టడం మానాలి. మళ్లీ వచ్చినప్పుడు ఎలుగు ఇలాగే ఊగుతూ కనబడితే, దాన్ని వేరే రాష్ట్రంలో ఉన్న సంరక్షణ కేంద్రానికి పంపేస్తారు. కీపరు ఆ మాటల్లో చివరిది ఒక్కటే విన్నాడు.

"అంత దూరం బండిల తోల్కపోతే బతుకుతదా అక్కా? ముసల్ది" అని నన్నడిగాడు. నాకేం తెలుసు. తెలియదన్నాను.

మర్నాడు మధ్యాహ్నం ఇద్దరం ఎలుగు ఎన్‌క్లోజర్ ఎదుట ఉన్న మేత గదిలో కూర్చున్నాం. జాలీ కిటికీలోంచి చూస్తే అంతా కనిపిస్తుంది. ఆయన ముందు చిటికెడు దుమ్ము వదిలి గాలి చూసుకున్నాడు. ఆ రోజు జూకి సెలవు, దారిలో ఒక్క మనిషి లేడు. నేను రిజిస్టరు తెచ్చుకున్నాను, పని చేసుకోవచ్చని. ఒక్క గీత కూడా గీయలేదు.

ఎలుగు కాసేపు పడుకుంది. లేచింది. నున్నటి సిమెంటు మీద గోళ్లు టకటకమంటుంటే ఈ గోడ నుంచి ఆ గోడకి నడిచింది. తర్వాత మూలకి వెళ్లి గోడకి ఎదురుగా నిలబడింది. తల అటూ ఇటూ ఊపడం మొదలుపెట్టింది. ముందు కాళ్లు మార్చి మార్చి వేసింది. సాయంత్రం నాలుగింటికి వేసే అడుగులే, అదే వరుసలో. ఎదురుగా ఆయన లేడు, రొట్టె లేదు. సిమెంటు గోడ ఉంది. నేను గడియారం చూసుకుంటూ ఉన్నాను. ఇరవై నిమిషాలైనా ఆపలేదు. తల మీదుగా విమానం వెళ్లినా ఆపలేదు.

ఆయన జాలీకి ముఖం ఆనించి చూస్తున్నాడు. నేనే అన్నాను, "పోదాం పద అన్నా" అని.

"గోడకు గూడ గట్లనే ఆడుతుంది" అన్నాడు. జాలీ మీంచి ముఖం తీసి మళ్లీ అన్నాడు, "పన్నెండేండ్లు నేను గీ ఊగుడుకు జనంతోని చప్పట్లు కొట్టించిన."

ఆ తర్వాత డాక్టరమ్మ వారానికి ఒకసారి వచ్చేది. తాడుతో కట్టేసినప్పుడు ఆ జంతువు కదపగలిగింది తల ఒక్కటే అనీ, ఆ ఊపు దాని ఒంట్లో ఉండిపోయిందనీ, ఏ పనీ లేని చోట అది ఇంకా పెరుగుతుందనీ ఓపికగా చెప్పింది. పూర్తిగా పోతుందని మాట ఇవ్వలేదు. తగ్గొచ్చు అంది. ఆ 'తగ్గొచ్చు' పట్టుకుని మేం పనిలో దిగాం.

నేను వేయించిన సిమెంటుని నేనే పగలగొట్టించాను. ట్రస్టు వాళ్లు ఫోన్ చేసి మొన్ననే కదా వేశారు అని అడిగితే, అవును, తప్పు నాదే అన్నాను. జీవితంలో నేను ఆ మాట అన్న సందర్భాలు తక్కువ. లారీల్లో ఎర్రమట్టి వచ్చింది. పడిపోయిన వేప మొద్దులు వచ్చాయి. ఒక మూల రాళ్లతో చిన్న గుహలాంటిది కట్టించాం. ఫినాయిలు డబ్బాలన్నీ ఆఫీసు బాత్రూముకి పంపాను.

అన్నీ అమరాక, చెదలున్న పుట్టమన్ను కావాలంది డాక్టరమ్మ. అక్కడ పని ఆగిపోయింది. కూలీలు గునపాలు కింద పెట్టేశారు. నాగుల చవితికి పాలు పోసే పుట్టని తవ్వి ఎలుగుకి వేయడమేంది అన్నారు. కీపరు కూడా వాళ్ల వైపే. "బిడ్డ కోసమైనా సరే, ఉన్న పుట్టను నేను ముట్ట" అన్నాడు. నేను కోప్పడ్డాను, బతిమాలాను. కదల్లేదు.

రెండు రోజులకి ఆయనే దారి కనిపెట్టాడు. మా చుట్టూ ఎటు చూసినా వెంచర్లు. జేసీబీలు పొలాలు చదును చేసి ప్లాట్ల రాళ్లు పాతుతున్నాయి. వాటి కింద పుట్టలు ఎలాగూ పోతున్నాయి. ఈయన ట్రాలీ తీసుకుని వెళ్లి జేసీబీ డ్రైవరుని "జర ఆగు అన్నా" అని ఆపేవాడు. పడగొట్టిన పుట్ట దగ్గర పసుపు కుంకుమ చల్లి, ఒక గ్లాసు పాలు పోసి, "నిన్ను కూలగొట్టింది నేను గాదు తల్లీ. పారేసేదాన్ని తీస్కపోతున్న, తప్పుబట్టకు" అని దండం పెట్టి, అప్పుడు పార అందుకునేవాడు. నేను ఒకసారి వెంట వెళ్లాను. మాది ఆ నమ్మకం కాదు. అయినా ఆయన చేతులు జోడించినప్పుడు నేనూ తలవంచుకుని, నాకొచ్చిన ప్రార్థన నేను చేసుకున్నాను. డ్రైవరు ఇంజను ఆపేసి, మేం ముగించేదాకా ఆగాడు.

మట్టి సంగతి తేలికే. కష్టమైంది, తనని చూస్తే అది రొట్టె కోసం ఊగుతుందని ఆయన దూరంగా ఉండటం. ఎలుగు రాత్రి గదిలో ఉండగానే పొద్దున్నే తిండంతా ఎన్‌క్లోజర్‌లో దాచి రావాలి. మొద్దు బెజ్జాల్లో తేనె, రాళ్ల కింద పండ్లు, మట్టిలో చెదలు. తర్వాత దానికి కనపడకూడదు, వినపడకూడదు, పిలవకూడదు. గాలి ఎటుందో చూసుకుని ఆయన రోజూ జూ చుట్టూ తిరిగి పనికి పోయేవాడు. ఎవరి పెళ్లాన్నో చూడకూడని మనిషిలా తలదించుకుని పోతున్నాడని వాళ్లావిడ ఎగతాళి చేసేది. ఆయన నవ్వేవాడు కాదు.

మూడో వారం నేను ఆయన్ని పట్టుకున్నాను. నాలుగింటికి కటకటాల దగ్గర ఉన్నాడు, చేతిలో బెల్లం రొట్టె. ఎలుగు ఎదురుగా ఊగుతోంది. ఆయన కళ్ల నిండా నీళ్లు.

నేను అందరూ వినేలా అరిచాను. "దాన్ని లారీ ఎక్కించాలనే ఉందా నీకు? చెప్పు, ఇవాళే రాసి పంపిస్తాను."

"ఒక్కసారి అక్కా. ఒక్కసారి జూసుకుందామని" అన్నాడు.

"నీ సరదా కోసం అది ఊగాలా?" అన్నాను.

అనకూడని మాట అది. సరదా కాదని నాకు తెలుసు. ఆయన రొట్టె నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు నాతో మాట్లాడలేదు. నేను చాయ్ పంపితే తిరిగి వచ్చేసింది. అయిదో రోజు నేనే మేత గదికి వెళ్లి, "తప్పయింది అన్నా" అన్నాను. ఆయన పుచ్చకాయ కోస్తున్నాడు. ఒక ముక్క నాకిచ్చి, "జాలీ కిటికీల నుంచి జూడు, ఏం జేస్తుందో" అన్నాడు.

ఎలుగు మట్టిలో మోచేతుల దాకా ఉంది. మూతి పుట్టమన్నులో దూర్చి ఊదుతోంది, పీలుస్తోంది. ఆ చప్పుడు మా దాకా వినిపించింది, మా ఇంట్లో పాత మిక్సీ తిరిగినట్టుగా. వీపంతా ఎర్రమట్టి. అంత మురికిని చూసి నేను సంతోషపడటం అదే మొదటిసారి. పక్కన ఆయన నవ్వుతూనే ఉన్నాడు. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు, అది నేను చూశాను.

అక్కణ్ణుంచి మెల్లగా మార్పు వచ్చింది. మొదట ఊగడం పొద్దున మానింది. మధ్యాహ్నాలు ఇంకా ఉండేది. ఒక్కోరోజు అంతా బాగుందనుకుంటే సాయంత్రం మళ్లీ గోడ దగ్గరికి పోయేది, మాకు అన్నం సహించేది కాదు. జనం కూడా అలిగారు. "ఇదేంది, ఆడకుండ మన్ను దవ్వుతుంది. పైసలు వాపస్ ఇయ్యుండ్రి" అని టికెట్ కౌంటరు దగ్గర గొడవ పడినవాళ్లున్నారు. అలాంటివాళ్లని నేను స్వయంగా చూసుకునేదాన్ని. ఆ విషయంలో నా కోపం జూకి బాగా పనికొచ్చింది.

మూడు నెలలకి ఆఫీసరు, డాక్టరమ్మ మళ్లీ వచ్చారు. కీపరు తెల్లవారకముందే వచ్చి అంతా దాచి, ఉతికిన ఖాకీ చొక్కా వేసుకుని మేత గదిలో కూర్చున్నాడు. నేను వాళ్లని తీసుకెళ్లాను. గంటకి పైగా నిలబడి చూశారు. ఎలుగు మొద్దు దొర్లించింది. బెజ్జంలో నాలుక పెట్టి నాకింది. గుహలో దూరి, వెనక్కి వచ్చి, గోతిని ఇంకాస్త లోతు చేసింది. ఒకసారి గోడ వైపు నడిచింది. నేను ఆఫీసరు కలం వైపు చూశాను. గోడ వాసన చూసి, ఒళ్లు రుద్దుకుని తిరిగి వచ్చేసింది.

ఆఫీసరు రాయడం ఆపి, "కీపరుని పిలవండి. ఒకసారి దాన్ని పిలవమనండి" అన్నాడు.

డాక్టరమ్మ నా వైపు చూసింది. ఎందుకో ఇద్దరికీ అర్థమైంది. ఊగడం వాస్తవంగా తగ్గిందా, మనిషి కనపడనంతసేపే తగ్గిందా అని ఆయన చూడాలనుకుంటున్నాడు. పిలిస్తే వచ్చి ఊగిందంటే మూడు నెలల కష్టం పోయినట్టే, ఎలుగు లారీ ఎక్కినట్టే.

కీపరు వచ్చి కటకటాల ముందు నిలబడ్డాడు. చేతులు ఖాళీగా ఉన్నాయి, వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు చొక్కాకి తుడుచుకున్నాడు. మెల్లగా పిలుస్తాడనుకున్నాను. వినపడకుండా గొణిగితే చాలు కదా, గండం గడిచిపోతుంది. ఆయన అలా చేయలేదు. పన్నెండేళ్లు పిలిచినట్టే, నిండు గొంతుతో పిలిచాడు.

"బిడ్డా."

ఎలుగు తలెత్తింది. మట్టి అంటిన మూతి పైకెత్తి ఆయన వైపు గాలి పీల్చింది. గుర్తుపట్టింది, అందులో నాకు అనుమానం లేదు. ఒక్క క్షణం అలాగే చూసి, తల దించి, మళ్లీ తవ్వుకోవడం మొదలుపెట్టింది.

ఆఫీసరు కాగితం మీద ఏదో రాసి, "ఇక్కడే ఉండనివ్వండి" అని ముందుకు నడిచాడు. డాక్టరమ్మ కీపరుకి నమస్కారం పెట్టి ఆయన వెనకే వెళ్లింది.

నేను వెళ్లి ఆయన పక్కన నిలబడ్డాను. ఎలుగు వీపు మా వైపు ఉంది.

"పాసైనమా అక్కా?"

"పాసయ్యాం అన్నా. ఎక్కడికీ పంపరు."

ఆయన తలూపాడు. కటకటాలు పట్టుకుని ఇంకా లోపలికే చూస్తున్నాడు.

"పిలిస్తే రాలే" అన్నాడు. "మంచిగున్నది గదా, ఇగ నాతోని ఏం పని ఉంటది దానికి."

ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో ఆయనకే తెలియలేదు. నాకు మాత్రం ఏడుపే వచ్చింది. ఇద్దరం అక్కడే నిలబడి, అది మా వైపు తిరక్కుండా తవ్వుకుంటుంటే చాలాసేపు చూశాం.